నాన్నగారి ఫియట్ కోసం ఎఫ్‌డీ తీయాలా?

ప్రశ్న: మాది రాజమండ్రి, నా వయసు 51. మా నాన్నగారి 1964 ఫియట్ 1100 ఆయన పోయినప్పటి నుంచి, అంటే పదకొండేళ్లుగా షెడ్డులోనే ఉంది. 9 లక్షలు పెడితే కొత్తదానిలా చేసిస్తానని, తర్వాత 20 లక్షలకు తేలిగ్గా పోతుందని మెకానిక్ అంటున్నాడు. మైలేజీ కోసం డీజిల్ ఇంజిన్ వేద్దామనీ చెప్పాడు. విదేశాల్లో పాత కార్లు వందల కోట్లు పలుకుతున్నాయని చదివాను. అంతంత ఎందుకు పెడతారు? అమ్మాయి పీజీ కోసం దాచిన 14 లక్షల ఎఫ్‌డీలోంచి తీయవచ్చా?

జవాబు: అమ్మాయి ఎఫ్‌డీ జోలికి వెళ్లకండి. ఈ మాట ముందే చెప్పేస్తే మిగతాది స్థిమితంగా మాట్లాడుకోవచ్చు.

మీరు చదివింది నిజమే. 2022 మేలో మెర్సిడెస్ 300 ఎస్ఎల్ఆర్ కూపే ఒకటి 13.5 కోట్ల యూరోలకు పోయింది. అప్పటి మారకంలో మన డబ్బు సుమారు 1,100 కోట్లు. అయితే 1955లో అలాంటివి తయారైనవి రెండే. రెండూ అప్పటిదాకా కంపెనీ దగ్గరే ఉన్నాయి. ఫెరారీ 250 జీటీవోలు 36 మాత్రమే చేశారు. 2018లో వాటిలో ఒకటి 4.84 కోట్ల డాలర్లు పలికింది. ఏది ఏ రేసులో పరిగెత్తింది, ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి వెళ్లింది అన్నదానికి కాగితాలున్నాయి. కొనేవాళ్లు డబ్బు పోసేది ఆ చరిత్రకు, మళ్లీ ఎవరూ చేయలేని ఆ కొరతకు. మెరిసే పెయింటు ఎక్కడైనా దొరుకుతుంది.

దీనికి 2015లో పారిస్‌లో జరిగిన వేలం మంచి ఉదాహరణ. పశ్చిమ ఫ్రాన్స్‌లో ఒక పొలం దగ్గరి షెడ్డులో, పాత పత్రికల కట్టల కింద ఒక ఫెరారీ కాలిఫోర్నియా స్పైడర్ దొరికింది. పైన మందంగా దుమ్ము. దాన్ని తుడవకుండా అలాగే వేలానికి పెడితే 1.6 కోట్ల యూరోలు దాటింది. బాగుచేయించి ఉంటే ఇంకా వచ్చేదని అనుకోకండి. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన రూపం ఒక్కసారి పోతే తిరిగి రాదు. ఆ రూపానికే అంత ధర.

మరి బాగుచేసిన మామూలు పాత కార్లను మంచి రేటు పెట్టి ఎందుకు కొంటారు? టింకరింగ్ వాడి చుట్టూ, లేత్ షాపు చుట్టూ, దొరకని బీడింగుల కోసం ఊళ్లూళ్లూ రెండేళ్లు తిరిగే పని తప్పుతుంది కాబట్టి. చాలాసార్లు ఆ రేటు బాగుచేయించినవాడికి అయిన ఖర్చు కంటే తక్కువే ఉంటుంది. అంటే లాభం కొన్నవాడిది. మీ మెకానిక్ మిమ్మల్ని ఆ బాగుచేయించినవాడి స్థానంలో నిలబెడుతున్నాడు.

జ్ఞాపకం కూడా ధర పెంచుతుంది. పదిహేనేళ్లప్పుడు కళ్లార్పకుండా చూసిన బండిని యాభైలో చేతికి డబ్బొచ్చాక కొంటారు. మన దగ్గర యమహా ఆర్ఎక్స్ 100 బైకుకు ఇప్పటికీ ఉన్న గిరాకీ అదే. అయితే ఆ తరం తర్వాత గిరాకీ ఎలా ఉంటుందో ఎవరూ హామీ ఇవ్వలేరు. అంత గొప్ప జీటీవో ధర కూడా 1989లో కోటి డాలర్లు దాటి, తర్వాత నాలుగైదేళ్లలో మూడో వంతు కంటే కిందకు పడింది.

మీ ఫియట్ లెక్కకు వద్దాం. దాదాపు అదే బాడీ తర్వాత పద్మినీ పేరుతో 2000 ప్రాంతం దాకా వస్తూనే ఉంది, కాబట్టి కొరత అనే బలం దీనికి తక్కువ. 9 లక్షలు 7 శాతం వడ్డీకి పదేళ్లు ఉంచితే దాదాపు 18 లక్షలవుతుంది. ఇన్సూరెన్స్, బ్యాటరీ, టైర్లు, చిన్నాచితకా కలిపి ఏడాదికి 40 వేలు వేసుకున్నా మరో 4 లక్షలు. అంటే పదేళ్ల తర్వాత 22 లక్షలకు అమ్మితేనే లెక్క సరిపోతుంది. మెకానిక్ ఈరోజు చెబుతున్న 20 లక్షలకు కూడా రాసిచ్చిన కొనుగోలుదారు ఎవరూ లేరు కదా.

డీజిల్ ఇంజిన్ మాట మాత్రం అసలు వినకండి. కొనేవాడు మొదట వంగి చూసేది ఇంజిన్ నంబరు, ఛాసిస్ నంబరు ఆర్సీతో కలుస్తున్నాయా అనే. 2021 నుంచి 50 ఏళ్లు దాటిన కార్లను వింటేజ్‌గా నమోదు చేయించే వీలుంది, పాత నంబరు ఉంచుకోవచ్చు. కానీ ఛాసిస్, బాడీ, ఇంజిన్‌లలో పెద్ద మార్పులు ఉండకూడదు. అలా నమోదైన కారును రోజూ తిప్పడానికీ కుదరదు, ర్యాలీలు, ప్రదర్శనల లాంటి వాటికే.

పన్ను విషయమూ ఉంది. 1983లో 20 వేలకు కొన్న 1931 ఫోర్డ్ కారును ఒకరు 21 లక్షలకు అమ్మి, అది సొంత వాడకపు వస్తువు కాబట్టి పన్ను లేదన్నారు. నిజంగా వాడినట్టు రుజువు లేదని 2025లో బొంబాయి హైకోర్టు ఒప్పుకోలేదు. అమ్మేముందు ఆడిటర్‌ను కలవండి.

మీకు ఆ కారంటే ప్రాణమని మీ ఉత్తరమంతా చెబుతోంది. దాన్ని బతికించుకోండి, తప్పేమీ లేదు. ఎఫ్‌డీ కాకుండా ఏటా మిగిలే డబ్బులోంచి లక్ష, లక్షన్నర చొప్పున పెట్టండి. ముందు తుప్పు, బ్రేకులు, తర్వాత ఇంజిన్, చివర్లో పెయింటు. తుప్పును కోసి రేకు వేయకుండా పుట్టీతో కప్పేస్తున్నారేమో మీరే చూసుకోవచ్చు: ఒక చిన్న అయస్కాంతాన్ని గుడ్డలో చుట్టి తలుపుల కింది అంచుల వెంట జరపండి, పుట్టీ మందంగా ఉన్నచోట అది పట్టుకోదు.

దీనికంటే ముందు ఇంకో పని ఉంది. ఆర్సీ ఇంకా నాన్నగారి పేరునే ఉంటే, తోబుట్టువుల అంగీకార పత్రాలు తీసుకుని మీ పేరుకు మార్పించండి. ఆయన దాచిన పాత సర్వీసు బిల్లులు, కారు ముందు దిగిన ఫొటోలు ఉంటే ఒక ఫైల్లో పెట్టండి. ఈ నెలలో కారు మీద పెట్టే ఖర్చు ఆ ఆర్టీవో ఫీజు ఒక్కటే కావాలి.