వీణ పాఠాల యాప్: స్టోరీ డెవలపర్ దగ్గర నుంచి తిరిగొచ్చేస్తుంటే

యాప్ వాడేవాళ్లకు ఏం కావాలో డెవలపర్‌కు చిన్నగా రాసిచ్చేదే స్టోరీ (యూజర్ స్టోరీ). మీ స్టోరీలో "బొబ్బిలి వీణ పాఠం వీడియో బాగా ప్లే అవ్వాలి" అని రాశారు కదా, పని పూర్తయిందని ఎలా తేల్చాలో అందులో లేదు. డెవలపర్ మళ్లీ మళ్లీ అడిగేది అందుకే. ఇలా రాసి చూడండి:

1. మనిషి, పని, ఎందుకు: "వీణ నేర్చుకునే విద్యార్థిగా, గురువుగారి వేళ్ల కదలిక పట్టుకోవడానికి, వీడియోను నెమ్మదిగా చూడాలి."

2. దాని కిందే అంగీకార షరతులు, అంటే పని పూర్తయిందని తేల్చేవి. అందరూ వదిలేసేది ఇదే. స్టోరీకి మూడు భాగాలు, కార్డు (రాసిన ముక్క), సంభాషణ (దాని మీద చర్చ), నిర్ధారణ (ఈ షరతులు) అని సాఫ్ట్‌వేర్ నిపుణుడు రాన్ జెఫ్రీస్ 2001లోనే చెప్పాడు, మనవాళ్లు కార్డు దగ్గరే ఆగిపోతారు. మీకైతే:
– సగం వేగంలో కూడా శ్రుతి మారకూడదు.
– తీగ మీటడం, శబ్దం కలవాలి. ఐటీయూ (అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంస్థ) సిఫార్సు బీటీ.1359 ప్రకారం శబ్దం 45 మిల్లీసెకన్లు ముందొచ్చినా, 125 వెనకబడినా చూసేవాళ్లు పట్టేస్తారు. వీణ పాఠానికి నేనైతే ఇంకా బిగిస్తాను.
– విజయనగరం బస్సులో సిగ్నల్ పోయి వస్తే, ఆగిన చోటి నుంచే మొదలవ్వాలి.

3. కోడెక్ (వీడియోను కుదించే పద్ధతి), సర్వర్ గొడవ స్టోరీలో వద్దు. అది డెవలపర్ తలనొప్పి.

గురువుగారు వీడియో అప్‌లోడ్ చేయడం వేరే స్టోరీ. ఇందులో కలపకండి.