పండగకు వచ్చే ముందు, బాబు తిండి గురించి

అమ్మాయీ,

పెద్దమ్మ ఆశీస్సులు. సంక్రాంతికి మీరు ముగ్గురూ వస్తున్నారని మీ అమ్మ చెప్పింది. బాబుకు పద్నాలుగో నెల. ఇంటినిండా చుట్టాలు, ఎవరి చేతిలో చూసినా చేగోడీలు, పల్లీ ఉండలు ఉండే రోజులవి. అందుకే ముందుగా రాస్తున్నాను.

పళ్లు వచ్చాయి, అన్నీ తినేస్తున్నాడని ఫోనులో మురిసిపోయావు. ముందు పళ్లు కొరకడానికే. నమలాల్సినవి దవడపళ్లు. అవి ఇప్పుడిప్పుడే మొదలవుతాయి, రెండో జత రెండేళ్లకు అటూ ఇటూ గానీ రాదు. అందాకా వాడు పల్లీని రెండు బద్దలు చేయగలడు గానీ మెత్తగా నమలలేడు. ఆ బద్ద నోట్లో ఉండగా నవ్వినా, ఏడ్చినా, పరుగెత్తి పడినా ఊపిరితో పాటు లోపలికి పోతుంది. వాడి గాలిగొట్టం ఎంత సన్నమో తెలియాలంటే వాడి చిటికెన వేలు చూడు.

పిల్లల వార్డులో పనిచేసినన్నాళ్లూ నన్ను ఎక్కువ భయపెట్టింది పల్లీయే. గింజ ఊపిరితిత్తుల్లోకి జారితే దగ్గు కాసేపటికి సద్దుమణుగుతుంది, ఇంట్లో అందరూ మరిచిపోతారు. అక్కడ అది తడికి ఉబ్బుతుంది. తర్వాత వారాల తరబడి దగ్గు, జ్వరం, పిల్లికూతలు. ఎన్ని మందులు వాడినా తగ్గక, చివరికి మత్తిచ్చి గొట్టం వేసి తీయాల్సి వస్తుంది. గింజ తింటూ పిల్లవాడు ఒక్కసారిగా ఉక్కిరిబిక్కిరై దగ్గాడంటే, తర్వాత బాగానే ఆడుకుంటున్నా సరే, ఆ రోజే డాక్టరుకు చూపించి జరిగింది చెప్పాలి.

పల్లీలు మానేయమనడం లేదు. వేయించి, పొట్టు తీసి, మెత్తగా పొడి చేసి నెయ్యన్నంలో కలిపి పెట్టు. గింజగా మాత్రం అయిదేళ్లు వచ్చేదాకా వద్దు. సెనగలు, జీడిపప్పు, పేలాలు కూడా అంతే.

ద్రాక్షను అడ్డంగా కోస్తే ఆ గుండ్రటి ముక్క గొంతుకు బిరడాలా పడుతుంది. నిలువునా నాలుగు చీలికలు చేయి. క్యారెట్ ముక్క రెండు వేళ్ల మధ్య నొక్కితే నలిగిపోయేంతగా ఉడకాలి. కొబ్బరి తురిమి పెట్టు. సపోటా, సీతాఫలం గింజలు నువ్వే తీయాలి, వాడు ఉమ్మేస్తాడని నమ్మకు. పొడి ఇడ్లీ గొంతులో అతుక్కుంటుంది, పప్పుకట్టుతో తడుపు.

ఇక భోగిపళ్లు. రేగుపళ్లు, నానబెట్టిన సెనగలు, చెరకు ముక్కలు, చిల్లర నాణేలు అన్నీ కలిపి వాడి తల మీద పోసి, చుట్టూ రాలినవాటి మధ్యే వాడిని కూర్చోబెడతాం! ఈసారి బంతిపూల రేకులు ఎక్కువ వేద్దాం. సెనగలు, నాణేలు వద్దని మీ అత్తగారికి నేనే నచ్చజెబుతాను. వాడిని ఒళ్లో పెట్టుకుని దుప్పటి మీద కూర్చో. పోయడం కాగానే వాడిని ఎత్తుకుని లేస్తే, నేను దుప్పటిని నాలుగు మూలలా పట్టి ఎత్తేస్తాను. ఏరుకునే పిల్లలు ప్రేమకొద్దీ తమ్ముడి నోట్లో ఒకటి పెడతారు, వాళ్లనూ కనిపెట్టి ఉండాలి.

తిరుగుతూ, ఫోను చూపిస్తూ, కారులో వెళుతూ తినిపించవద్దు. ఏడుస్తున్నప్పుడు ముద్ద కుక్కవద్దు. ముక్కు మూసి మందు పోయడం ఎవరు చెప్పినా వినకు.

పొలమారితే మనవాళ్లు నెత్తిమీద తడతారు, నీళ్లు పడతారు. రెండూ పనికిరావు. గట్టిగా దగ్గుతుంటే దగ్గనివ్వు. దగ్గూ ఏడుపూ బయటికి రాక, పెదవులు నీలంగా మారుతుంటే క్షణం ఆగకూడదు. ఒకరు 108కి ఫోను చేయాలి. నువ్వు వాడిని ముందుకు వంచి, వీపు మీద రెండు భుజపుటెముకల మధ్య, అరచేతిలో మణికట్టు దగ్గరి గట్టి భాగంతో అయిదుసార్లు గట్టిగా కొట్టు. రాకపోతే వెనకనుంచి పట్టుకుని, బొడ్డుకు కాస్త పైన పిడికిలి పెట్టి, లోపలికీ పైకీ అయిదుసార్లు నొక్కు. వచ్చేదాకా ఒకదాని తర్వాత ఒకటి చేస్తూనే ఉండాలి. ఏడాది లోపు పిల్లలకు పొట్ట నొక్కకూడదు, రొమ్ము మధ్యలో నొక్కాలి. కనబడని దాని కోసం నోట్లో వేలు పెట్టి కెలకవద్దు, ఇంకా లోపలికి పోతుంది. స్పృహ తప్పితే నేల మీద పడుకోబెట్టి గుండె నొక్కడం మొదలుపెట్టాలి.

చదివితే ఇది చేతికి రాదు. వచ్చిన రోజు సాయంత్రమే పెద్ద బొమ్మ పెట్టి మీ ఇద్దరి చేతా చేయిస్తాను. అల్లుడు గారికి పని ఉందన్నా సరే, ఆ అరగంట కూర్చోమను.

ఇట్లు,
మీ పెద్దమ్మ