డాబా మీద లైట్లు: ముందు వాన సంగతి చూసుకోండి

డాబా మీద కూర్చునే చోట రెండు వేలలోపు అందంగా లైట్లు పెట్టాలి, పాత సీరియల్ సెట్ వాన పడితే చాలు ట్రిప్ అవుతోంది అన్నారు కదండీ. ఆ పండగ సెట్లు చాలావరకు నేరుగా 230 వోల్టుల మీద నడుస్తాయి. టేపు చుట్టి సర్దుకోవద్దు, ట్రిప్ అవడమే మీ అదృష్టం. తీసి పక్కన పెట్టేయండి.

హైదరాబాద్ కోఠీలోని ట్రూప్ బజార్‌లో 12 వోల్టుల వార్మ్ వైట్ (పసుపు ఛాయ ఉండే) ఎల్‌ఈడీ స్ట్రింగ్, దానికి సరిపడా అడాప్టర్ అడగండి. 'వాటర్‌ప్రూఫే సార్' అంటే నమ్మకండి, పెట్టె మీద ఐపీ65 (దుమ్ము, చిమ్మే నీళ్లు లోపలికి పోవని చెప్పే గుర్తు) అని ఉండాలి. అడాప్టర్ ఇంట్లోనే ఉంచి సన్న వైరు ఒక్కటే బయటికి తీయండి. కిటికీ దగ్గర ఆ వైరును కిందికి వంపు తిప్పి లోపలికి తెస్తే నీళ్లు ఆ వంపు దగ్గరే రాలిపోతాయి, లోపలికి పాకవు.

షేడ్లు కొనక్కర్లేదు. ఖాళీ పచ్చడి సీసాల్లో స్ట్రింగ్‌ను కొంచెం కొంచెంగా కుక్కి, నీళ్లు నిలవకుండా మూతి కిందికి వచ్చేలా వేలాడదీయండి. బరువు లైటు వైరు మీద పడకూడదు. బట్టల దండెంలా జీఐ తీగ (జింక్ పూత ఉన్న ఇనప తీగ) లాగి సీసాలను దానికి కట్టండి. నాకైతే పాత స్టీలు జల్లెడ ఇంకా ఇష్టం, బోర్లిస్తే గోడంతా చుక్కల ముగ్గే.

తెల్ల లైటు మాత్రం వద్దు, తొలకరిలో ఉసిళ్లు ఎగబడతాయి. పసుపు లైటుకి కాస్త తక్కువ వస్తాయి. ఆ ప్లగ్ పాయింటుకి 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్) ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌కి ఓసారి చూపించండి.