బ్రేకు వైర్లు బిగించబోయే మేనల్లుడికి

చి. అల్లుడికి,

ఆశీస్సులు. నువ్వు పంపిన సైకిల్ ఫొటో చూశాను. సెకండ్ హ్యాండ్ అయినా ఫ్రేము బాగుంది, రిమ్ముల్లో వంకర కనిపించలేదు. హ్యాండిల్ ముందు మాత్రం నాలుగు ఔటర్లు (వైర్ల పై తొడుగులు) నాలుగు దిక్కులు చూస్తున్నాయి. "పొట్టిగా కోసేసి లాగి బిగిస్తే నీట్‌గా ఉంటుంది కదా మామయ్యా" అన్నావు. తొందరపడి కోయకు. ఔటరు పొడుగైతే మళ్ళీ కోసుకోవచ్చు, పొట్టిదైతే కొత్తది కొనాల్సిందే.

ఔటరు లోపల ఉండే ఇన్నర్ (అసలు తీగ) ఎంత తేలిగ్గా జారితే బ్రేకు అంత బాగా పడుతుంది. వంపు వచ్చిన ప్రతిచోటా అది ఔటర్ లోపలి గోడకు ఒరుసుకుంటుంది. లీవర్ మీద నువ్వు పెట్టిన బలం కొంత అక్కడే పోతుంది, వదిలాక బ్రేకు వెనక్కి రావడమూ బద్ధకిస్తుంది. అందుకని వంపులు తక్కువగా, ఉన్నవి పెద్దగా గుండ్రంగా ఉండేలా చూసుకో. అలా వేసిన వైరు చూడ్డానికీ బాగానే ఉంటుంది.

కొనేటప్పుడే ఒక జాగ్రత్త. బ్రేకు ఔటరు 5 మిల్లీమీటర్లు, గేరు ఔటరు సాధారణంగా 4. బ్రేకుదానిలో ఇనప తీగ స్ప్రింగులా చుట్టి ఉంటుంది. గేరుదానిలో సన్న తీగలు నిలువుగా పరిచి ఉంటాయి, వాటిని పట్టి ఉంచేది పై ప్లాస్టిక్కే. సన్నగా ఉంది, అందంగా వంగుతోంది అని బ్రేకుకు గేరు ఔటరు వేశావో, గట్టిగా నొక్కినప్పుడు అది పగిలిపోగలదు. సరిగ్గా బ్రేకు కావాల్సిన క్షణంలోనే పోతుంది. షాపులో ఎవరు "ఏం ఫరవాలేదు" అన్నా వినకు. ఇన్నర్ తల కూడా చూసి తీసుకో: నీలాంటి రోడ్ బైక్ (రోడ్డు మీద వేగంగా తొక్కే సైకిల్) లీవర్‌కు పియరు పండు ఆకారంలో ఉన్న తల కావాలి, మామూలు ఎమ్‌టీబీకి (కొండదారుల సైకిల్‌కు) వేసే డ్రమ్ము ఆకారం తల అందులో కూర్చోదు. మీ విశాఖ ఉప్పుగాలికి స్టెయిన్‌లెస్ ఇన్నరే తీసుకో, నాలుగు రూపాయలు ఎక్కువైనా సరే.

పాత ఔటరు కొలత సరిగ్గా ఉంటే దాని పక్కన పెట్టి కొయ్యి. కోసేటప్పుడు లోపల ఇన్నర్ ఉండకూడదు. మామూలు కటింగ్ ప్లేయర్‌తో కోస్తే చివర నలిగిపోతుంది, కేబుల్ కట్టర్ ఎవరి దగ్గరైనా అడిగి తెచ్చుకో. కోశాక చివర చేత్తో తడిమి చూడు. తీగ ముక్క ఒకటి కొక్కెంలా లోపలికి వంగి ఉంటుంది. ఆకురాయితో ఆ మొహాన్ని చదును చేసి, నలిగి మూసుకున్న లోపలి ప్లాస్టిక్ గొట్టాన్ని దబ్బనంతో గుండ్రంగా తెరువు. ఆ తర్వాతే క్యాప్ తొడుగు. ఈ రెండు నిమిషాల పని ఎగ్గొట్టినవాళ్ళే తర్వాత బ్రేకు మెత్తగా ఉంది, గరగరలాడుతోంది అని ఏడుస్తారు.

ఇప్పుడు ముందు బ్రేకు. మన దేశంలో ముందు బ్రేకు కుడిచేతికి ఉంటుంది, అమెరికాలోనూ యూరప్‌లో చాలాచోట్లా ఎడమచేతికి. రోడ్ బైకుల మీద ఉండే డ్యూయల్ పివట్ క్యాలిపర్‌లో (రెండు ఇరుసుల మీద కదులుతూ ప్యాడ్లతో రిమ్మును పట్టే బ్రేకు భాగంలో) వైరు మనం కూర్చున్న వైపు నుంచి చూస్తే కుడిపక్క దిగుతుంది. ఎడమ లీవర్ నుంచి వచ్చేవాళ్ళకు పెద్ద వంపుతో హాయిగా వచ్చేస్తుంది. మనకేమో కుడి నుంచి బయల్దేరి కుడిపక్కే దిగాలి గనుక ఇరుకుగా మెలిక తిరుగుతుంది. ఆ మెలిక పోగొట్టాలని ఎడమకు మార్చేవాళ్ళున్నారు. నువ్వు మార్చకు. చిన్నప్పటి నుంచీ చెయ్యికి ఉన్న అలవాటు ఘాట్ రోడ్డు మలుపులో మారదు. బదులుగా ఔటరును వేలెడు ఎక్కువే ఉంచు. హ్యాండిల్ మీద దాన్ని స్టెమ్ (హ్యాండిల్‌ను పట్టి ఉంచే మధ్య ముక్క) దాకా అంటించకుండా కాస్త ముందే వదిలేయ్, వంపు విప్పారుతుంది.

లీవర్ దగ్గర ఇంకో తిరకాసు. ఔటరు లీవర్ లోపలి గుంటలో పూర్తిగా కూర్చోకపోయినా పైకి కూర్చున్నట్టే ఉంటుంది. హ్యాండిల్ టేపు చుట్టి రోడ్డెక్కాక ఒక్కసారిగా లోపలికి దిగి బ్రేకు లూజైపోతుంది. అందుకని వైరు బిగించాక, టేపు చుట్టకముందే, ఒక చేత్తో ఔటరును లీవర్ వైపు నెట్టి పట్టుకుని రెండో చేత్తో లీవర్‌ను పిండినట్టు నాలుగైదుసార్లు నొక్కు. "టిక్" మని ఏదైనా కదిలితే అదే. కదలడం ఆగాక ఔటరును హ్యాండిల్ ముందువైపు ఆనించి, కరెంటు టేపుతో లీవర్ దగ్గర, వంపులో, పైన తలో చుట్టు వెయ్యి. అరచెయ్యి ఆనేచోట గట్టుగా తగలకుండా చూసుకో.

వెనక బ్రేకు పొడవు తేల్చడానికి వెనక చక్రం తిప్పి వదిలి, హ్యాండిల్‌ను రెండు పక్కలా పూర్తిగా తిప్పు. ప్యాడ్ రిమ్ముకు తగిలితే ఔటరు చాలలేదన్నమాట. టాప్ ట్యూబ్ (ఫ్రేము పై గొట్టం) చివర నుంచి క్యాలిపర్‌కు వెళ్ళే చిన్న ముక్క పొట్టిదైతే క్యాలిపర్‌ను ఒక పక్కకు లాగుతుంది. ఎంత సెంటర్ చేసినా నిలవదు, తప్పంతా క్యాలిపర్ మీదకు పోతుంది. మరీ పొడుగైతే తొడకు తగులుతుంది. ఔటరు పెయింటుకు రాసుకునేచోట పారదర్శక స్టిక్కరు అంటించు. మిగతా హంగులన్నీ నీ ఇష్టం.

వైరు బిగించే ముందు బ్యారెల్ అడ్జస్టర్‌ను (వైరు బిగువు సవరించే చిన్న మరను) లోపలికి తిప్పి ఒక చుట్టు వెనక్కి వదులు. క్యాలిపర్ మీది క్విక్ రిలీజ్ (చక్రం తీసేందుకు బ్రేకు తెరిచే చిన్న మీట) మూసి ఉందో లేదో చూడు. ఇన్నర్‌ను పట్టే బోల్టు మీద 6 నుంచి 8 న్యూటన్ మీటర్ల తిప్పే బలం సరిపోతుంది, బలం ఉంది కదా అని తిప్పేస్తే తీగలు నలుగుతాయి. మిగిలిన తోకను రెండు మూడు సెంటీమీటర్లు ఉంచి కత్తిరించి, చివర క్యాప్ పెట్టి నొక్కేయ్. లేదంటే పీచులా విడిపోయి వేళ్ళలో దిగుతుంది.

మొదటి రెండు మూడు రైడ్లలో బ్రేకు కాస్త లూజవుతుంది. వైరు సాగిందని కంగారు పడకు, ఔటర్లూ క్యాపులూ సర్దుకుంటాయి. అడ్జస్టర్ తిప్పుకుంటే చాలు. అంతవరకూ భీమిలి బీచ్ రోడ్డులోనే తిరుగు, అరకు ఘాట్ సంగతి ఆ తర్వాత చూద్దాం. అక్కను అడిగానని చెప్పు.

మీ మామయ్య