ఫుడ్ స్టాంపుల లెక్క చదివే ముందు మీ బ్యాంకు లెక్క చూసుకోండి

ప్రశ్న: హెచ్-1బి ఉద్యోగ వీసా మీద డాలస్ వచ్చి ఎనిమిది నెలలైంది. మా ఆఫీసులో భోజనాల వేళ ఫుడ్ స్టాంపుల మీద తరచు వాదనలు జరుగుతున్నాయి. ఇంత సంపన్న దేశంలో నాలుగు కోట్ల మందికి పైగా ప్రభుత్వ సాయంతో తిండి కొనుక్కుంటున్నారంటే దేశం దిగజారుతోందనుకోవాలా, జనం సోమరులయ్యారనుకోవాలా? ఇక్కడే పుట్టిన మా బాబు పేరున మేమూ దరఖాస్తు చేయవచ్చని ఒక మిత్రుడు అంటున్నాడు. నిజమేనా?

జవాబు: రెండో సందేహానికి జవాబు చిన్నది కనుక ముందు అది చెప్పేస్తాను. హెచ్-1బి వీసా మీద, ఎఫ్-1 విద్యార్థి వీసా మీద ఉన్నవారికి ఈ సాయం రాదు. గ్రీన్ కార్డు ఉన్న పెద్దవారు సాధారణంగా అయిదేళ్ళు ఆగాలి. ఇక్కడ పుట్టిన బిడ్డ అమెరికా పౌరుడే కాబట్టి హక్కు ఉంటుంది గాని, ఇంటి ఆదాయాన్ని లెక్కలోకి తీసుకుంటారు కనుక మీ జీతంతో ఆ ఆలోచన పెట్టుకోనక్కరలేదు. మిగతా నిబంధనలు ఈ పథకాన్ని నడిపే అమెరికా వ్యవసాయ శాఖ ప్రకటనల్లోనూ మీ రాష్ట్ర కార్యాలయంలోనూ తెలుసుకోవచ్చు, నేను చెప్పనక్కరలేదు.

మొదటి సందేహమే అసలైనది. మీకొచ్చిన సందేహమే నాకూ ఇరవై అయిదేళ్ళ క్రితం వచ్చింది. మీకైనా అడగాలన్న వివేకం ఉంది, నేను అడగకుండానే తీర్పు చెప్పేశాను.

2000 ఆగస్టులో కార్ల కంపెనీకి కాంట్రాక్టు పని మీద డెట్రాయిట్ వచ్చాను. కొన్నాళ్ళకు ఒక సాయంత్రం సరుకుల దుకాణంలో నా ముందు నిలబడ్డ ఒకావిడ తన సామానును కౌంటరు మీద రెండు కుప్పలుగా పెట్టడం చూశాను. పాలు, బియ్యం, కోడిమాంసం, గడ్డకట్టిన రొయ్యల పొట్లం ఒక వైపు. సబ్బులు, పిల్లల డయపర్లు మరో వైపు. మొదటి కుప్పకు మెకినా వంతెన బొమ్మ ఉన్న కార్డు గీసింది. రెండో కుప్పకు చిల్లర లెక్కపెట్టి ఇచ్చింది. ఫుడ్ స్టాంపుల డబ్బు ఆ కార్డులోనే వేస్తారు, మిషిగన్‌లో దాన్ని బ్రిడ్జ్ కార్డు అంటారు. ఆ డబ్బుతో తిండి తప్ప మరేదీ కొనడానికి వీలులేదని నాకప్పుడు తెలియదు. నాకు కనిపించినవి రొయ్యలు మాత్రమే. పన్ను కట్టేది నేను, రొయ్యలు తినేది ఆవిడ అనుకుంటూ, ఇంటికి వెళ్ళి నా ఖర్చుల పుస్తకంలో కోడి కాళ్ళకు పెట్టిన మూడు డాలర్లు రాసుకున్నాను.

మర్నాడు భోజనాల దగ్గర అమెరికన్లకు పాఠం చెప్పాను. మా రాష్ట్రంలో 1983లో ఎన్టీ రామారావు గారు కిలో రెండు రూపాయల బియ్యం పథకం పెట్టారనీ, మేడలున్నవారి దగ్గర కూడా తెల్లకార్డులు ఉంటాయనీ, మీ దేశమూ అదే దారిలో ఉందనీ అన్నాను. వాళ్ళు మర్యాదస్థులు కనుక తలలూపి ఊరుకున్నారు. నా పోలికలోని తప్పు నాకు చాలా కాలానికి గాని తెలియలేదు. మన తెల్లకార్డు ఒకసారి చేతికొస్తే ఏళ్ళ తరబడి ఇంట్లోనే ఉంటుంది. ఇక్కడ చాలామంది ఆరు నెలలకో ఏడాదికో మళ్ళీ కాగితాలు పెట్టి ఆదాయం చూపించుకోవాలి. బస్సు ఎప్పుడు చూసినా నిండుగానే కనిపిస్తుంది గాని, ప్రతి స్టాపులోనూ దిగేవారు దిగుతూ, ఎక్కేవారు ఎక్కుతూ ఉంటారు. నాలుగు కోట్ల మంది అన్నప్పుడు వాళ్ళంతా పదేళ్ళుగా కదలకుండా కూర్చున్నవారని అనుకోవడం నేను చేసిన మొదటి పొరపాటు.

రెండో పొరపాటు ఖరీదైనది. 2007లో గ్రీన్ కార్డు వచ్చింది, ఇల్లు కొన్నాను, హైదరాబాదులో ఫ్లాటుకు కూడా వాయిదాలు కడుతూ ఉండేవాణ్ణి. 2009 ఫిబ్రవరిలో ఉద్యోగం పోయింది. బ్యాంకులో రెండు నెలల ఖర్చుకు సరిపడా డబ్బు మాత్రమే ఉంది. ఆ ఏడాది మిషిగన్‌లో నూటికి పదమూడు మందికి పైగా పనిలేకుండా ఉన్నారు. నిరుద్యోగ భృతి ఎంత పెద్ద జీతం తీసుకున్నవాడికైనా అప్పట్లో వారానికి 362 డాలర్లు దాటేది కాదు, ఆ పైన కేంద్రం వేసిన 25 డాలర్లు. ఇంటి వాయిదా కట్టేసరికి చేతిలో మిగిలేది పాలకూ పెట్రోలుకూ చాలేది కాదు. మా అమ్మాయి ఇక్కడే పుట్టింది, అప్పటికి అయిదేళ్ళది. దాని వంతుకు నేను దరఖాస్తు పెట్టుకోవలసింది. పెట్టుకోలేదు. ఆ కార్డు ముట్టుకుంటే పౌరసత్వం రాదని ఒక స్నేహితుడు భయపెట్టాడు, నేను నమ్మాను. నిజానికి నమ్మడం నాకు సౌకర్యంగా కూడా ఉంది, ఎందుకంటే నేను ఎవరిముందు పాఠం చెప్పానో వాళ్ళలో ఇద్దరు అదే దుకాణానికి వచ్చేవారు. పదమూడు నెలల్లో క్రెడిట్ కార్డు మీద 14 వేల డాలర్ల అప్పు చేసి, దాన్ని 2012 డిసెంబరు దాకా తీర్చాను. తీర్చానన్నది గర్వంగానే చెబుతున్నాను. ఎవరి దగ్గరా చేయి చాచలేదు. కాని ఆ వడ్డీ డబ్బుతో ఆ పిల్ల చదువుకు ఒక ఏడాది ఫీజు వచ్చేదని మా ఆవిడ ఇప్పటికీ గుర్తు చేస్తూ ఉంటుంది.

ఆ స్నేహితుడి మాట ఆనాడు తప్పు. వింతేమిటంటే 2020 ఫిబ్రవరి నుంచి 2021 మార్చి దాకా ట్రంప్ ప్రభుత్వపు నిబంధన వల్ల కొంతవరకు నిజమైంది. గ్రీన్ కార్డుకు దరఖాస్తు చేసేవారు తమ పేరున ఫుడ్ స్టాంపులు తీసుకుంటే దాన్ని లెక్కలోకి తీసుకుంటామన్నారు. పిల్లల పేరున తీసుకున్నది అప్పుడు కూడా లెక్కలోకి రాదు, అయినా భయపడి పిల్లల పేర్లు కొట్టించుకున్న కుటుంబాలున్నాయి. ప్రభుత్వం మారినప్పుడల్లా ఈ నిబంధన కదులుతుంది కనుక ఆనాటికి ఉన్నది చూసుకోవాలి.

ఇప్పుడు మీ ఆఫీసులో చూపించే అంకెల సంగతి. 2000లో ఈ సాయం పొందినవారు సగటున 1.72 కోట్లు. 2007 నాటికి 2.63 కోట్లు, 2013లో 4.76 కోట్లు. తరవాత దిగుతూ 2019లో 3.57 కోట్లకు వచ్చి, కోవిడ్‌తో మళ్ళీ పెరిగి, 2024లో దాదాపు 4.17 కోట్లయింది, అంటే ఎనిమిది మందిలో ఒకరు. దేశవ్యాప్తంగా నిరుద్యోగం 2009 అక్టోబరులో నూటికి పదికి చేరి ఆ తరవాత తగ్గుతూ వచ్చింది కదా, ఫుడ్ స్టాంపుల సంఖ్య 2013 దాకా ఎందుకు పెరిగిందని టీవీలో పెద్ద గొంతులవారు అడిగేవారు. 2012 ఎన్నికల ముందు రిపబ్లికన్ నాయకుడు న్యూట్ గింగ్రిచ్ అధ్యక్షుడు ఒబామాను ఫుడ్ స్టాంపుల అధ్యక్షుడని ఎద్దేవా చేశారు. నేనూ మొదట అవునవునన్నాను. ఆ తరవాత నా ఖర్చుల పుస్తకమే నాకు జవాబు చెప్పింది. ఉద్యోగం పోయిన రోజునే ఎవరూ ఆ కార్యాలయానికి వెళ్ళరు. ముందు దాచుకున్నది తింటారు, తరవాత భృతి, ఆ పైన అప్పు. మా పక్కింటాయన కార్ల ఫ్యాక్టరీలో ఇరవై ఏళ్ళు చేసినవాడు, 2009లో పని పోగొట్టుకుని 2011లో గాని దరఖాస్తు పెట్టలేదు. మళ్ళీ దొరికిన పనిలో జీతం పాతదానిలో సగం, అందువల్ల పని ఉన్నా కార్డు కొనసాగింది. ఆ రెండేళ్ళ ఆలస్యమే ఈ అంకెల గ్రాఫు గీత మీద కనిపిస్తుంది. దీనికి తోడు, అర్హత ఉండి కూడా అడగనివారు ఇదివరకు చాలామంది ఉండేవారు. దరఖాస్తు సులువయ్యేసరికి వాళ్ళూ వచ్చారు. గింగ్రిచ్ గారు చెప్పని మాట ఒకటుంది. ఒబామాకు ముందున్న బుష్ కాలంలోనే ఆ సంఖ్య కోటికి పైగా పెరిగింది.

దిగిన గీతను కూడా అంతే అనుమానంతో చూడాలి. 1994లో 2.75 కోట్లున్నది ఆరేళ్ళలో 1.72 కోట్లకు పడిపోయినప్పుడు మంచి రోజులతో పాటు క్లింటన్ సంతకం పెట్టిన 1996 చట్టం కూడా పనిచేసింది. చట్టబద్ధంగా వచ్చిన వలసదారుల్లో చాలామందిని అది బయటికి నెట్టింది. పిల్లలు లేని, పని చేయగల పెద్దలు పని చేయకపోతే సాయాన్ని మూడేళ్ళలో మూడు నెలలకే పరిమితం చేసింది. 2025 జూలై 4న సంతకమైన చట్టం ఆ పని నిబంధనను 64 ఏళ్ళ వయసు దాకానూ, పద్నాలుగేళ్ళు నిండిన పిల్లలున్న తల్లిదండ్రులకూ పొడిగించింది, శరణార్థులను తొలగించింది. వచ్చే ఏళ్ళలో సంఖ్య తగ్గితే, ఒక పక్షం దాన్ని విజయమనీ మరో పక్షం ఆకలనీ అంటుంది. మీరు మాత్రం జీతాలు పెరిగాయా, తలుపులు మూశారా అని అడగండి.

తప్పుల శాతం గురించి కూడా జాగ్రత్త. 2024లో నూటికి 10.93 చెల్లింపు పొరపాట్లు అని వచ్చిన అంకెను నా మిత్రులు దొంగతనం అని చదివారు. ఎక్కువ ఇచ్చినదీ తక్కువ ఇచ్చినదీ రెండూ అందులో ఉన్నాయి. ఒక్క ముచ్చట ఎంత దూరం వెళుతుందో మిషిగన్‌లో చూశాను. లాటరీలో ఇరవై లక్షల డాలర్లు గెలిచినతను ఇంకా బ్రిడ్జ్ కార్డు వాడుతున్నాడని 2011లో బయటపడింది. అదే ఏడాది రాష్ట్రం ఆస్తుల పరీక్ష మళ్ళీ పెట్టింది, 2014 కేంద్ర చట్టంలో లాటరీ గెలిచినవారి మీద ప్రత్యేకంగా నిబంధనే వచ్చింది. గెలిచినవాడు ఒకడు. బ్యాంకులో అయిదు వేల డాలర్లు దాటి దాచుకున్నందుకు తిరస్కరణకు గురయ్యే వీలు మాత్రం ఎందరికో వచ్చింది. దాచుకోవడమే నేరమయ్యే నిబంధన అంటే నాకు ఒళ్ళు మండుతుంది, క్షమించండి.

2025 అక్టోబరు 1 నుంచి కేంద్ర ప్రభుత్వం మూతపడి నవంబరు నెల ఫుడ్ స్టాంపుల డబ్బు ఆగినప్పుడు మేము వెళ్ళే మన సరుకుల దుకాణంలో పప్పుల వరస దగ్గర రద్దీ తగ్గింది. యజమాని అరువు పుస్తకం తెరిచాడు. ఆ పుస్తకంలో మన పేర్లూ ఉన్నాయని ఆయన నాతో అన్నాడు, ఎవరివని నేను అడగలేదు.

మీ ఉత్తరం చివర కొత్త కారు వాయిదా నెలకు 640 డాలర్లు కడుతున్నానని మీరే రాశారు. హెచ్-1బి మీద ఉద్యోగం పోతే సాధారణంగా దొరికేది అరవై రోజులు, ఏ కార్డూ లేదు. భోజనాల దగ్గరి వాదన ఎవరు గెలిచినా, ముందు ఆరు నెలల ఇంటి ఖర్చు పక్కన పెట్టండి. ఆ కారు అమ్మేసి, నాలాగా పాత టయోటా కొనుక్కోండి. నాది 2006 నాటిది, ఇంకా నడుస్తోంది.