నిలబడి మ్యాచ్ చూసే గ్యాలరీలు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

వరి కోతలు అయిపోగానే గంజాం నుంచి కోరాపుట్ దాకా ఊరూరా ఫుట్‌బాల్ షీల్డు పోటీలు మొదలవుతాయి. ప్రేక్షకులను ఎక్కడ నిలబెట్టాలి, ఎంతమందిని రానివ్వాలి అని అడుగుతూ వచ్చిన ఉత్తరాలకు ఈసారి జవాబులిస్తున్నాం.

ప్రశ్న: టీవీలో ఇంగ్లండ్ లీగ్ మ్యాచ్‌లు చూస్తుంటే గోల్ వెనక జనం ఆట మొత్తం నిలబడే ఉంటున్నారు. అక్కడ నిలబడి చూడటం నిషేధమని విన్నాం. మళ్ళీ ఎప్పుడు ఒప్పుకున్నారు? ఎందుకు?
– ఒక పాఠకుడు, బరంపురం

జవాబు: నిషేధం నిజమే. దానికి కారణం 1989 ఏప్రిల్ 15న షెఫీల్డ్ పట్టణంలోని హిల్స్‌బరో మైదానంలో జరిగిన ఘోరం. లివర్‌పూల్, నాటింగ్‌హామ్ ఫారెస్ట్ జట్ల ఎఫ్.ఏ. కప్ సెమీఫైనల్ అది. లివర్‌పూల్ అభిమానులకు ఇచ్చిన వైపు ప్రవేశ ద్వారాలు చాలక బయట జనం పేరుకుపోయారు. ఆ ఒత్తిడి తగ్గించాలని పోలీసులు నిష్క్రమణ గేటు ఒకటి తెరిపించారు. లోపలికి వచ్చినవాళ్ళకు ఎదురుగా కనిపించింది ఒక సొరంగం. అది తీసుకెళ్ళేది నిలబడి చూసేందుకు కంచెలతో విడగొట్టిన, అప్పటికే కిక్కిరిసిన మధ్య ఆవరణల్లోకి. పక్క ఆవరణల్లో చోటుంది కానీ అటు వెళ్ళమని చెప్పిన మనిషి లేడు. ముందు ఎత్తయిన ఇనుప కంచె. మొత్తం 97 మంది ప్రాణాలు పోయాయి. అభిమానుల ప్రవర్తన దీనికి కారణం కాదని 2016లో విచారణ జ్యూరీ తేల్చింది.

ఈ ఘోరంపై విచారణ జరిపిన న్యాయమూర్తి టేలర్ 1990 జనవరిలో ఇచ్చిన నివేదిక ప్రకారం 1994 నాటికి పై రెండు డివిజన్ల మైదానాల్లో అందరికీ కుర్చీలు వేశారు. కుర్చీలైతే వచ్చాయి కానీ గోల్ వెనక జనం కూర్చోలేదు. కుర్చీ ముందు నిలబడితే ముందువరుస కుర్చీ వీపు మోకాలి దగ్గర తగులుతుంది. గోల్ పడగానే వెనకవాళ్ళు తోస్తే మనిషి దాని మీదుగా బోర్లా పడతాడు. ఎలాగూ నిలబడేవాళ్ళకు నడుము ఎత్తున ఒక కమ్మీ ఇవ్వడం మేలన్న వాదన అలా బలపడింది. స్కాట్లండ్‌లో సెల్టిక్ క్లబ్ 2016లో, ఇంగ్లండ్‌లో ష్రూస్‌బరీ 2018లో ఇలా కమ్మీ ఉన్న ‘రైల్ సీట్లు’ మొదలుపెట్టాయి. 2022 జనవరిలో ఐదు క్లబ్బులకు ప్రయోగాత్మకంగా అనుమతి వచ్చింది. తొలి మ్యాచ్ జనవరి 2న చెల్సీ, లివర్‌పూల్ మధ్య. 2022–23 సీజన్ నుంచి లైసెన్సు తెచ్చుకున్న ప్రీమియర్ లీగ్, ఛాంపియన్‌షిప్ (అంటే పై రెండు డివిజన్ల) క్లబ్బులన్నిటికీ దారి తెరిచారు. అయితే పాతరోజుల గ్యాలరీ తిరిగొచ్చిందనుకోకండి. ఒక కుర్చీకి ఒకే మనిషి. జర్మనీలో మాత్రం నిలబడి చూడటం ఎన్నడూ ఆగలేదు. డోర్ట్‌మండ్ దక్షిణ గ్యాలరీలో ఇప్పటికీ దాదాపు 25 వేల మంది నిలబడే చూస్తారు.

ప్రశ్న: ఆ రైల్ సీట్లు మా మైదానంలోని పాత సిమెంటు మెట్లకు బిగించుకోవచ్చా?
– క్లబ్ కార్యదర్శి, రాయగడ

జవాబు: వద్దు. రైల్ సీటు అంటే ప్రతి వరుసకూ నడుము ఎత్తున ఒక ఇనుప చట్రం, అందులోకి మడిచి పెట్టే కుర్చీ. వెనక వరుసవాళ్ళకు అదే ఊతం. దానికి మెట్టు వెడల్పు సుమారు 75 సెంటీమీటర్లు ఉండాలి. మన పాత మెట్లు చాలాచోట్ల అందులో సగమే. పైగా అంచు చిట్లిన సిమెంటులో బోల్టు దిగ్గొడితే, జనం ఆనుకున్నప్పుడు పెచ్చుతో సహా ఊడివస్తుంది. ఆ డబ్బుతో మెట్లు బాగుచేయించి, కొన్ని వరుసలకొకటి చొప్పున గట్టి అడ్డుకమ్మీలు వేయించండి. కింది జవాబు చూడండి.

ప్రశ్న: మా మైదానంలో ఒక గోల్ వెనక మట్టిగట్టు ఉంది. పొడవు 40 మీటర్లు, వెనక్కి 6 మీటర్లు. ఫైనల్ రోజు అక్కడ రెండు వేల మంది దాకా ఎక్కేస్తారు. నిజానికి ఎంతమందిని ఎక్కించాలి? ఏమేం కట్టాలి?
– యువజన సంఘం సభ్యులు, పర్లాకిమిడి

జవాబు: రెండు వేలంటే చాలా ప్రమాదం. బ్రిటన్‌లో క్రీడామైదానాల భద్రతకు గ్రీన్ గైడ్ అనే మార్గదర్శి వాడతారు. అన్నీ సక్రమంగా ఉన్న నిలుచునే గ్యాలరీలో పది చదరపు మీటర్లకు 47 మంది, అదీ గరిష్ఠంగా, అంటుంది అది. ఆ లెక్క మీ గట్టుకు వేద్దాం. 240 చదరపు మీటర్లలో 1.2 మీటర్ల వెడల్పున రెండు నడకదారులు తీసేస్తే దాదాపు 225 మిగులుతుంది. అందులో పట్టేది సుమారు 1,050 మంది. కానీ మీ గట్టుకు మెట్లు లేవు, అడ్డుకమ్మీలు లేవు. కట్టడం ఎంత బాగుంది, నిర్వహణ ఎంత బాగుంది అని చూసి ఈ అంకెను తగ్గించాలని అదే మార్గదర్శి చెబుతుంది. ఈ ఏడాదికి సగం చేసి, 500 టికెట్ల దగ్గర ఆపండి. వాన పడి గట్టు జారుడుగా ఉంటే ఆ రోజు అక్కడికి ఒక్కరినీ ఎక్కించకండి.

చోటు ఒక్కటే చూస్తే చాలదు. లోపలికి ఎంతమంది రాగలరు, బయటికి ఎంతమంది పోగలరు అన్నవీ లెక్కేసి, మూడింటిలో ఏది తక్కువైతే అదే మీ టికెట్ల సంఖ్యగా పెట్టుకోవాలి.

ప్రవేశం: ఒక్కొక్కరినే వదిలే గేటు గుండా గంటకు 660 మందికి మించి రారని లెక్క. అంటే నిమిషానికి 11 మంది. 500 మందికి ఒక గేటు చాలినట్టే కనిపిస్తుంది. కానీ మనవాళ్ళలో చాలామంది ఆట మొదలయ్యే చివరి 20 నిమిషాల్లో వస్తారు. ఆ 20 నిమిషాల్లో ఒక గేటు 220 మందినే లోపలికి పంపగలదు, మిగతావాళ్ళు బయట పేరుకుపోతారు. కాబట్టి రెండు గేట్లు పెట్టండి, అసలు ఆటకు ముందు చిన్నపిల్లల మ్యాచ్ ఒకటి ఆడించండి. అప్పుడు జనం ముందే రావడం మొదలుపెడతారు. అయినా బయట రద్దీ తగ్గకపోతే ఆట పావుగంట ఆలస్యంగా మొదలవుతుందని మైకులో చెప్పండి. పెద్ద గేటు బార్లా తెరవడం మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ వద్దు. హిల్స్‌బరోలో ఆట వేళ వాయిదా వేయలేదు, గేటు తెరిచారు.

నిష్క్రమణ: చదునైన దారిలో మీటరు వెడల్పుకు నిమిషానికి 82 మంది, మెట్ల మీద 66 మంది సాగుతారు. 1.2 మీటర్ల మెట్లదారిలో నిమిషానికి 79 మంది. 500 మందికి దాదాపు ఆరున్నర నిమిషాలు పడుతుంది. ఎనిమిది నిమిషాలు దాటకూడదు. ఒక దారి మూసుకుపోయినా రెండోదే అందరికీ చాలాలి కనుక అంత వెడల్పువే రెండు ఉంచండి. తలుపులు బయటికి తెరుచుకోవాలి. ఆట సాగుతున్నంతసేపూ తాళం వేయకూడదు, బయట బజ్జీల బండి నిలపనివ్వకూడదు. చాలా మైదానాల్లో దారికి అడ్డుపడేది ఆ బండ్లూ మోటారుసైకిళ్ళే.

వచ్చే ఏడాదికి గట్టును మెట్లుగా చెక్కించండి. అడుగు పెట్టే వెడల్పు 35–40 సెంటీమీటర్లు, ఎత్తు 18 సెంటీమీటర్ల లోపు (వెడల్పు 35 అయితే 16 లోపు). వాలు 25 డిగ్రీలు మించితే నిలబడినవాళ్ళు తూలిపోతారు. మెట్టు అంచుకు రాయి గానీ సిమెంటు దిమ్మ గానీ పెట్టకపోతే ఒక్క వానాకాలానికే అరిగిపోతుంది.

అడ్డుకమ్మీ ఎత్తు 1.1 మీటరు ఉండాలి. పెద్దవాళ్ళకు అది నడుము పైన తగులుతుంది. ఇంకా ఎత్తయితే ఛాతీకి అదుముకుంటుంది, అది చాలా ప్రమాదం. వాలును బట్టి, కమ్మీల మధ్య దూరాన్ని బట్టి ఒక్కో కమ్మీ మీద పడే బరువు మారుతుంది. పెద్ద దూరాలకు మీటరుకు 5 కిలోన్యూటన్లు, అంటే సుమారు అర టన్ను తోపుడు తట్టుకోవాలి. సెంట్రింగ్ పనికి వాడే సన్న పైపును మీటరున్నరకొకటి చొప్పున గుంజలుగా పాతి, ఊతకర్ర లేకుండా వదిలేస్తే ఆ తోపుడులో దాదాపు పదో వంతే ఆపుతుంది. వెదురు గుంజల సంగతి చెప్పనక్కర్లేదు. కాబట్టి పైపు సైజూ, పునాది లోతూ ఇంజనీరు లెక్కగట్టి రాసివ్వాలి, వెల్డింగ్ షాపులో అంచనాతో చేయించేది కాదు. కమ్మీల మధ్య ఖాళీలు పైనుంచి కిందికి ఒకే వరుసలో రాకుండా చూడండి. అలా వస్తే తోపుడంతా ఆ సందుగుండా ముందు వరుసదాకా దిగుతుంది.

ప్రశ్న: గట్టు లేనిచోట వెదురు, సరుగుడు బాదులతో గ్యాలరీ కట్టిస్తాం. ఒకటే భయం, కూలిపోతుందేమోనని.
– గుణుపురం పాఠకుడు

జవాబు: ఆ భయం సరైనదే. 2022 మార్చిలో కేరళలోని మలప్పురం జిల్లాలో సెవెన్స్ (జట్టుకు ఏడుగురు ఆడే) ఫుట్‌బాల్ ఫైనల్ రోజు తాత్కాలిక గ్యాలరీ కూలి ఎంతోమంది గాయపడ్డారు. ఇలాంటి గ్యాలరీ బరువుకు నిలిచినా ఊపుకు నిలవదు. జనం ఒకే తాళంలో ఎగిరితే కట్టడం పక్కకు ఊగుతుంది. పక్క ఊపును ఆపేది ఏటవాలు కట్టు కర్రలు మాత్రమే. అవి పొడవు వైపూ వెడల్పు వైపూ రెండు దిక్కులా ఉండాలి. ముందువైపు కడితే చూపు అడ్డమని చాలామంది తీసేయిస్తారు. కూలేది అక్కడే.

పచ్చి వెదురు ఎండేకొద్దీ చిక్కిపోతుంది, కట్లు వదులవుతాయి. అందుకే ప్రతి మ్యాచ్‌కు ముందు ప్రతి కట్టూ చేత్తో లాగి చూసి బిగించాలి. గుంజ కింద పలకరాయి వేయండి. పొలం మట్టిలో నేరుగా దింపితే రాత్రి వానకు ఒక గుంజ కుంగుతుంది, దాని బరువు పక్కదాని మీద పడుతుంది. కట్టడం మొత్తం ఒకటిగా కాకుండా ఆరేసి మీటర్ల ముక్కలుగా, విడివిడిగా నిలిచేలా కట్టించండి. ఒకటి పోయినా మిగతావాటిని లాక్కుపోదు. కింద నీడకని ఎవరూ కూర్చోకుండా చుట్టూ మూసేయండి.

మా మటుకు, మూడు వరుసలకు మించి కట్టవద్దనే చెబుతాం. దానికన్నా చదును నేల మీద, తాడు వెనక రెండు మూడు వరుసల్లో నిలబెట్టడం ఎంతో మేలు.

ప్రశ్న: తొక్కిసలాట రాబోతోందని ముందే ఎలా తెలుస్తుంది?
– జయపురం ఉపాధ్యాయురాలు

జవాబు: ఇలాంటి చోట్ల మనుషులు తొక్కిడికన్నా ఎక్కువగా ఊపిరాడక, నిలబడినచోటే చనిపోతారు. ఛాతీ ముందూ వెనకా అదుముకుని గాలి పీల్చలేకపోతారు. చదరపు మీటరులో నలుగురున్నంతవరకు మనిషి తన కాళ్ళ మీద తానుంటాడు. ఆరుగురు దాటితే గుంపు నీళ్ళలా కదులుతుంది, ఎవరి అదుపూ ఉండదు. వెనకవాళ్ళకు ముందేం జరుగుతోందో తెలియదు.

ఎత్తయినచోట ఒక మనిషిని నిలబెట్టి, ఆట వైపు కాకుండా జనం వైపు చూడమనండి. తలలన్నీ ఒకేసారి ఒకవైపు అలలా ఊగడం, చేతులు పైకి తీయలేకపోవడం, గోల్ పడినా ఒక మూల అరుపులు వినిపించకపోవడం, పిల్లల్ని తలల మీదుగా అందించడం: ఇవి గుర్తులు. ఎవరైనా కంచె ఎక్కుతుంటే అల్లరి అనుకుని కర్రతో కొట్టకండి. హిల్స్‌బరోలో అలా పైకెక్కినవాళ్ళను ముందు అల్లరి మూకగానే అనుకున్నారు.

గుర్తు కనిపిస్తే మొదట వెనక గేటు దగ్గర ప్రవేశం ఆపాలి. వెంటనే రిఫరీకి చెప్పి ఆట ఆపించి, మైదానంలోకి తెరుచుకునే ముందు గేట్లు తీయాలి. వెనక ఆపకుండా ముందు తెరిస్తే, ఆ ఖాళీలోకి ఇంకా జనం వచ్చి పడతారు. ప్రకటన ఒడియాలో, తెలుగులో, మీ చుట్టుపక్కల గిరిజన గ్రామాల భాషలో చెప్పించండి. 108కు ఫోను చేయండి. ఊపిరి లేనివాళ్ళను వెల్లకిలా పడుకోబెట్టి ఛాతీ మధ్యలో నిమిషానికి 100 నుంచి 120 సార్లు గట్టిగా నొక్కుతూ ఉండాలి. ఇది చేయగలిగినవాళ్ళు ఇద్దరైనా మైదానంలో ఉండాలి, ముందే నేర్పించండి.

గుంపులో చిక్కుకున్నవాళ్ళు రెండు మోచేతులూ ఛాతీకి ముందు అడ్డుపెట్టుకుని ఊపిరికి చోటు ఉంచుకోవాలి. ఎదురు తోయకూడదు. ఒక తోపుడు వచ్చి తగ్గిన క్షణంలో ఏటవాలుగా పక్కకు జరగాలి.

ప్రశ్న: ఆడవాళ్ళను, పిల్లలను నిలుచునే చోటికి రానివ్వవచ్చా? రెండు ఊళ్ళ అభిమానులను ఒకే గట్టు మీద ఉంచవచ్చా?
– కాశీనగర్ పాఠకురాలు

జవాబు: ఆడవాళ్ళు ఎక్కడైనా నిలబడి చూడవచ్చు. పిల్లలకు మాత్రం ఆ 1.1 మీటర్ల కమ్మీ మెడ దగ్గరికి వస్తుంది కాబట్టి వాళ్ళకూ, వాళ్ళతో వచ్చిన పెద్దలకూ పక్కలైను వెంట విడిగా చోటు ఇవ్వండి. చక్రాల కుర్చీలో వచ్చేవాళ్ళ ముందు ఎవరూ నిలబడకూడదు.

రెండో ప్రశ్నకు జవాబు: వద్దు. 1980 ఆగస్టు 16న కలకత్తా ఈడెన్ గార్డెన్స్‌లో మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ అభిమానుల మధ్య గొడవ చెలరేగి 16 మంది చనిపోయారు. ఒక జట్టువాళ్ళను ఒక గోల్ వెనక, రెండోవాళ్ళను రెండో గోల్ వెనక నిలబెట్టండి. టికెట్ల రంగు వేరు, గేట్లు వేరు, మోటారుసైకిళ్ళు ఆపే చోటూ వేరు. ఆట అయ్యాక ఓడిన ఊరివాళ్ళను ముందు పంపించి, పావుగంట తర్వాత గెలిచినవాళ్ళ గేటు తీయండి. ఆ పావుగంటలో షీల్డు వాళ్ళ గోల్ ముందుకు తెచ్చి ఇస్తే ఎవరూ విసుక్కోరు.