బరోస్సా లోయకు ద్రాక్షతోటలు ఎలా వచ్చాయి?

దక్షిణ ఆస్ట్రేలియాలో అడిలైడ్‌కు ఈశాన్యాన ఉన్న బరోస్సా లోయను వైన్ సీమగా తీర్చిన తొలి వలసదారులు ఎవరన్న ప్రశ్నకు జవాబు నాటి జర్మన్ రాజ్యమైన ప్రష్యాలోని ఒక మతవివాదంతో మొదలవుతుంది. రాజు మూడవ ఫ్రెడరిక్ విలియం అక్కడి ప్రొటెస్టంట్ చర్చీలను కలిపి ఒకే ఆరాధన పద్ధతిని విధించగా, అందుకు ఒప్పుకోని లూథరన్ శాఖ రైతులు, చేతిపనివారు పాస్టర్ ఆగస్ట్ కావెల్ నాయకత్వంలో, లండన్ వ్యాపారి జార్జ్ ఫైఫ్ ఆంగస్ ఆర్థిక సాయంతో 1838లో ఓడలెక్కారు. వారి వెనుక వచ్చిన కుటుంబాలు 1842లో లోయలో బెథనీ గ్రామాన్ని కట్టుకుని, స్వదేశపు పద్ధతిలోనే వీధి వెంట ఇళ్లు, ఇళ్ల వెనుక పొడవాటి సన్నని పొలాలు ఏర్పరచుకున్నాయి. అది ఖాళీ నేల కాదన్నది మరువరాదు. పెరమాంక్, న్గడ్జురి, కౌర్నా ఆదివాసీ ప్రజలు అంతకు ఎన్నో తరాల ముందునుంచీ అక్కడ ఉన్నారు.

ఈ ఘనత ప్రష్యా లూథరన్లకే కట్టబెట్టడం మాత్రం సరికాదని నా అభిప్రాయం. 1847లో జేకబ్స్ క్రీక్ వద్ద తీగలు నాటిన యోహాన్ గ్రాంప్ మరో జర్మన్ రాజ్యమైన బవేరియా వాడు. 1849లో యలుంబా వైన్ సంస్థను స్థాపించిన శామ్యూల్ స్మిత్ ఇంగ్లండు నుంచి వచ్చినవాడు.

పందొమ్మిదో శతాబ్దంలో యూరప్ తోటలను నాశనం చేసిన ఫిలోక్సెరా అనే వేరుపురుగు దక్షిణ ఆస్ట్రేలియాకు సోకలేదు. అందువల్లనే 1843లో నాటిన షిరాజ్ రకం ద్రాక్ష తీగలు లోయలో నేటికీ కాపు ఇస్తున్నాయి.